వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్క్‌లో ఖాతాను మన చేతిలోనే ఉంచుకోవడం ఎలా?

ఒకే కంపెనీ చేతిలో కాకుండా వేర్వేరు సర్వర్ల మీద నడిచేలా రూపొందించిన మాస్టడాన్, బ్లూస్కై, నాస్టర్ వంటి నెట్‌వర్క్‌లలో ఖాతా తెరవడం కొద్ది నిమిషాల పని. అయితే మీ పేరు ఎవరి అధీనంలో ఉంటుందో, పోస్టులు ఎక్కడ నిలువ ఉంటాయో ముందే తేల్చుకోకపోతే, తరువాత సర్వర్ మారవలసి వచ్చినప్పుడు చిక్కుల్లో పడతారు.

1. ముందుగా చిరునామా సంగతి చూడండి. 2016లో మొదలైన మాస్టడాన్‌లో చిరునామా ఈమెయిల్‌ను పోలి ఉంటుంది: మీ పేరు, దాని పక్కన సర్వర్ డొమైన్ (వెబ్ చిరునామా). సర్వర్ మూతపడితే ఆ చిరునామా కూడా పోతుంది కాబట్టి, సభ్యుల సంఖ్యను చూసి మురిసిపోకుండా, అక్కడి నియమాలను, నిర్వాహకుల వివరాలను చదివి సర్వర్‌ను ఎంచుకోండి. బ్లూస్కైలో పైకి కనిపించే పేరు (హ్యాండిల్) మారినా, లోపల డీఐడీ అనే గుర్తింపు మారదు. సొంత డొమైన్ ఉన్నవారు సెట్టింగ్స్‌లో హ్యాండిల్ మార్చే చోటికి వెళ్లి, అక్కడ చూపిన విలువను తమ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు నమోదయ్యే చోట) టీఎక్స్‌టీ రికార్డుగా, అంటే ఒక పాఠ్య నమోదుగా చేర్చి, వెనక్కి వచ్చి ధ్రువీకరించుకుంటే ఆ డొమైనే వారి పేరవుతుంది. డీఎన్‌ఎస్ మార్పు అమలుకు కొంత సమయం పట్టవచ్చు. మొదటిసారి కుదరకపోతే కంగారు పడనక్కర లేదు. నాస్టర్‌లో రహస్య కీయే (పాస్‌వర్డ్‌లా పనిచేసే పొడవాటి అక్షరాల వరుస) సర్వస్వం. అది పోతే పాస్‌వర్డ్ మరిచిపోయామని మొర పెట్టుకోవడానికి ఎవరూ ఉండరు గనుక, ఖాతా తెరిచిన రోజే దాన్ని భద్రపరచండి.

2. పోస్టులు ఎక్కడ ఉంటాయో తెలుసుకోండి. మాస్టడాన్‌లో పోస్టు అసలు కాపీ మీ సర్వర్‌లో ఉంటుంది, నకళ్లు మీ అనుచరుల సర్వర్లకు చేరతాయి. మీరు తొలగించినప్పుడు వాటికి సమాచారం వెళుతుంది గానీ, ప్రతి సర్వర్ దాన్ని పాటిస్తుందన్న హామీ లేదు. ప్రైవేటు సందేశాలను కూడా సర్వర్ నిర్వాహకులు సాంకేతికంగా చదవగలరు. అక్కడ రహస్యాలు రాయకపోవడమే మంచిది.

3. మాస్టడాన్‌లో సర్వర్ మారాలంటే వరుస తప్పకూడదు. మొదట కొత్త ఖాతాలో పాత ఖాతా చిరునామాను మారుపేరుగా నమోదు చేసి, ఆ తరువాతే పాత ఖాతాలో తరలింపు మొదలుపెట్టండి. అనుచరులు వారంతట వారే కొత్త ఖాతాకు వస్తారు. మీరు అనుసరించేవారి జాబితాను, బ్లాక్ జాబితాను ఫైళ్లుగా దించుకుని ఎక్కించుకోవాలి. పాత పోస్టులు మాత్రం రావు. ఈ విషయంలో బ్లూస్కై పద్ధతి మెరుగైనదని నా అభిప్రాయం: అక్కడ పోస్టులతో సహా ఖాతాను వేరే సర్వర్‌కు తరలించేలా వ్యవస్థను రూపొందించారు.

4. వేధించేవారు ఒకరే అయితే ఆ ఖాతాను బ్లాక్ చేయండి. ఒకే సర్వర్ నుంచి గుంపుగా వస్తుంటే, మాస్టడాన్‌లో ఆ డొమైన్‌నే బ్లాక్ చేయవచ్చు. అప్పుడు అక్కడున్న మీ అనుచరులు కూడా తొలగిపోతారని గుర్తుంచుకోండి. నాస్టర్‌లో ఒక రిలే (పోస్టులను నిలువ ఉంచి అందించే సర్వర్) ఒకరి పోస్టులను నిరాకరించినా, అవి మరో రిలేలో కనిపించవచ్చు. బ్లూస్కైలో మీరు ఎవరిని బ్లాక్ చేశారో ఎవరైనా చూడగలరు, మ్యూట్ (వారి పోస్టులు మీకు కనిపించకుండా చేసుకోవడం) మాత్రం గోప్యంగా ఉంటుంది. పరిచయస్తులతో పేచీ వద్దనుకుంటే మ్యూట్‌తో సరిపెట్టుకోండి.