రెయిన్ లిల్లీ పూయట్లేదా? నా అనుభవం

బెంగళూరులో మా బాల్కనీ కుండీలో రెండేళ్ళుగా ఆకులే, ఒక్క పువ్వు లేదు. వర్మీకంపోస్టు, పెద్ద కుండీ, రోజూ నీళ్ళు, ఏదీ పనిచేయలేదు.

గడ్డ తవ్వి చూస్తే చిన్న ఉల్లిపాయలా గోధుమరంగు పొర. నిజమైన లిల్లీ గడ్డకు ఆ పొర ఉండదు, విడివిడి పొలుసులే. అంటే రెయిన్ లిల్లీ నిజమైన లిల్లీ కాదు, అమరిల్లిస్ అనే వేరే మొక్కల కుటుంబం; మట్టి బాగా ఎండి, తర్వాత తడిస్తే పూస్తుంది.

మార్చిలో కుండీని ఎండలోకి జరిపి నీళ్ళు పూర్తిగా ఆపేశాను. నాలుగు వారాలకు ఆకులు సగం వాడాయి. ప్రాణం ఉసూరుమంది, అయినా పోయలేదు. తర్వాత ఒక సాయంత్రం అడుగు నుంచి కారేదాకా పోశాను, మర్నాడు మళ్ళీ. ఐదో రోజు మట్టిలోంచి గులాబీ మొన! వారం తిరిగేసరికి తొమ్మిది పూలు.

నీడ బాల్కనీలో ఇలాగే పూస్తుందని చెప్పలేను. పీస్ లిల్లీని మాత్రం ఎండబెట్టకండి, దానికి నీళ్ళు దాచుకునే ఇలాంటి గడ్డే ఉండదు.