సంగీతం, పాప్ కల్చర్ మీద రాసే ఫ్రీలాన్సర్ తన పరిచయం, అచ్చైన రచనలు ఎలా చూపించాలి

ముందు వ్యాసాలు ఏరుకోండి, పరిచయం ఆ తర్వాత రాయండి. ముందే పరిచయం రాసేస్తే, అందులో చెప్పుకున్నదానికీ కింద పెట్టిన లింకులకూ పొంతన కుదరదు.

ఆరు నుంచి ఎనిమిది వ్యాసాలు చాలు. ఎడిటర్‌కు తీరిక తక్కువ, మొదటి రెండు మూడు తెరిచి చూస్తే గొప్ప. అందుకే తేదీల వరుస పక్కన పెట్టి, మీకు ఎలాంటి పని కావాలో అలాంటి వ్యాసాన్ని పైన ఉంచండి. అన్నీ ఆల్బమ్ రివ్యూలే పెడితే మళ్లీ రివ్యూలే వస్తాయి. రివ్యూలో మీ వినికిడి, అభిప్రాయం తెలుస్తాయి. నలుగురితో మాట్లాడి, ఒప్పందాలూ లెక్కలూ సరిచూసుకుని రాసిన కథనంలో మీ మీద ఎంత బరువు పెట్టొచ్చో తెలుస్తుంది. అలాంటిది ఒక్కటైనా ఉండి తీరాలి. అన్నీ పాతవే అయితే రాయడం మానేశారేమో అనుకుంటారు, కాబట్టి ఈ ఏడాది రాసినవి రెండైనా చేర్చండి.

ప్రతి వ్యాసానికీ శీర్షిక, పత్రిక పేరు, నెల, సంవత్సరం ఇచ్చి, ఒక వాక్యంలో మీరు చేసిన పని చెప్పండి: ‘గాయకుడితో గంటసేపు ముఖాముఖి, ఇద్దరు నిర్మాతలతో ఫోన్‌లో’. ఈ వాక్యం చాలామంది రాయరు. ఎడిటర్‌కు పనికొచ్చేది మాత్రం అదే.

పరిచయం మూడు కొలతల్లో ఉంచుకోండి. వ్యాసం చివర వేసుకోవడానికి ఒక వాక్యం. పిచ్ మెయిల్‌కు (కొత్త వ్యాసం ఆలోచనను ఎడిటర్‌కు ప్రతిపాదించే మెయిల్) 50 మాటలు, ‘నేను’ అంటూ. సొంత పేజీకి 120 నుంచి 150 మాటలు. ‘చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం’ అని మొదలుపెట్టకండి, ఈ రంగంలో అందరికీ ప్రాణమే. ‘స్వతంత్ర కళాకారుల ఆదాయం, స్ట్రీమింగ్ చెల్లింపుల మీద రాస్తాను’ అంటే మీకు ఏ పని అప్పగించాలో వెంటనే తెలుస్తుంది.

ఒక పత్రికకు రెండు వ్యాసాలిచ్చి ‘అక్కడ పనిచేశాను’ అని రాయకండి, ‘ఆ పత్రికకు రాశాను’ అనండి. ఒక్క ఫోన్‌తో నిజం బయటపడుతుంది. మ్యూజిక్ లేబుల్ కోసం డబ్బు తీసుకుని రాసిన ప్రెస్ నోట్లు, కళాకారుల బయోలు ఉంటే వాటిని వేరే శీర్షిక కింద పెట్టండి. అదే కళాకారుడి మీద రివ్యూ రాసే అవకాశం వస్తే, ఆ సంగతి ఎడిటర్‌కు ముందే చెప్పాలి.

ఇక లింకులు. 2024 జూన్‌లో ఎంటీవీ న్యూస్ సైట్ మూతపడి, ఏళ్ల తరబడి పోగైన వ్యాసాలు ఒక్కసారిగా కనబడకుండా పోయాయి. కాబట్టి వ్యాసం వచ్చిన రోజే పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. మీ పేరు, తేదీ అందులో కనబడాలి. వెబ్ పేజీల కాపీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో కూడా ఆ పేజీని సేవ్ చేయండి. చందాదారులకే తెరుచుకునే వ్యాసాలకు అక్కడ సరైన కాపీ రాకపోవచ్చు, అలాంటప్పుడు పీడీఎఫే దిక్కు. దాన్ని ఎడిటర్ అడిగితే మెయిల్‌లో పంపండి, మీ పేజీలో మాత్రం పూర్తి పాఠం పెట్టే ముందు ఒప్పందం చూడండి. హక్కులు పత్రికవైతే మొదటి పేరా, లింకు వరకే పరిమితం కండి. కచేరీ ఫొటోల హక్కులు సాధారణంగా ఫొటోగ్రాఫర్‌వో ఏజెన్సీవో అయి ఉంటాయి, వ్యాసంతో పాటు వాటిని ఎత్తి పెట్టకండి.

మూడు నెలలకోసారి, ఏ ఖాతాలోనూ లాగిన్ కాని బ్రౌజర్ కిటికీలో అన్ని లింకులూ తెరిచి చూడండి. చందాదారులైన మీకు తెరుచుకున్న పేజీ ఎడిటర్‌కు తెరుచుకోకపోవచ్చు.