ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ గేరు జారుతుంటే: బాక్సు విప్పించే ముందు చూడవలసినవి

ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ బండి గేరు జారుతున్నదనే, అంటే ఇంజను తిరుగుతున్నా ఆ శక్తి చక్రాలకు పూర్తిగా అందడం లేదనే అనుమానం మన వైపు ఎక్కువగా రెండు చోట్ల వస్తుంది: మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుకలో ఒకటి, రాపూరు నుంచి చిట్వేలి వైపు వెలిగొండలు ఎక్కే ఘాటులో మరొకటి. రెండు చోట్లా కారణం వేడే. ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ ఉండే టార్క్ కన్వర్టరు ఆయిల్ ఒరవడితో శక్తిని అందిస్తుంది కనుక, ఇంజను గట్టిగా తిరుగుతూ బండి మెల్లగా కదులుతున్నంతసేపూ ఆ తేడా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. రోహిణి కార్తెలో, మామూలు రోడ్డుకు వాడే హై రేంజిలోనే ఇసుక తొక్కించేవారి గేర్ బాక్సు పాడైతే నేను ఆశ్చర్యపోను. మెల్లగా పోతూ గట్టిగా లాగడానికి లో రేంజి ఇచ్చింది అలంకారానికి కాదు.

ఇసుకలో బండి కదలనంత మాత్రాన గేర్ బాక్సు పోయిందని నిర్ణయించకూడదు. గట్టి నేల మీదికి వచ్చాక కూడా ఆర్పీఎం ఎగబాకుతూ వేగం పెరగకపోతే, డి లో వేసిన రెండు మూడు సెకన్లకు గానీ గేరు పట్టకపోతే, గేరు మారినప్పుడల్లా వెనుక నుంచి ఎవరో గుద్దినట్లు బండి అదిరితే, అప్పుడు అనుమానించాలి. గేర్ ఆయిల్ వేడెక్కినట్లు లైటు వెలిగితే బండిని నీడలో ఆపి, పి లో పెట్టి, ఇంజనును 10, 15 నిమిషాలు నడవనివ్వాలి. ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే కాబట్టి, దాన్ని ఆపిన మరుక్షణం ఆయిల్‌ను చల్లబరిచే కూలరుకు అది వెళ్లడం ఆగిపోతుంది. ఇంజను వేడి ముల్లే ఎరుపులోకి పోయినప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు, ఇంజను ఆపివేయాలి.

తరువాత ఆయిల్ చూడాలి. ఒక చుక్కను తెల్లని నూలుగుడ్డ మీద వేసి పరిశీలించండి. ఎర్రగా, పారదర్శకంగా పరుచుకుంటే మంచిదే. గోధుమరంగుకు తిరిగితే పాతబడింది. మధ్యలో నల్లని మచ్చ నిలిచి, ముక్కుకు మాడిన వాసన తగిలితే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. రోజ్ మిల్క్ లాగా కనిపిస్తే రేడియేటరు లోపలి ఆయిల్ కూలరు చిల్లుపడి కూలెంటు కలిసిందనో, బయటి నీరు చేరిందనో అర్థం. అటువంటి బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. చాలా కొత్త మోడళ్లకు ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ ఉండదు. వాటిలో లెవెల్‌ను, కంపెనీ చెప్పిన వేడి వద్ద, ఇంజను నడుస్తుండగా, కింది ప్లగ్గు తీసి చూడాలి. ఆయిల్ తక్కువైతే గేరు జారుతుంది, ఎక్కువైతే నురగ కట్టి మళ్లీ జారుతుంది. ఎర్రగా ఉంటే చాలునని ఏదో ఒక డబ్బా తెచ్చి పోయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. బండితో వచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే పోయాలి.

ఆయిల్ బాగుండి కూడా బండి ఒకే గేరులో ఇరుక్కుపోతే, తప్పు వైర్లలో ఉండవచ్చు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే నా బండి ఒకసారి మూడో గేరు దాటనని మొరాయించినప్పుడు, ఒక షెడ్డులో బాక్సు దించాల్సిందేనన్నారు. మరొక మెకానిక్ బండి కింద పడుకుని గేర్ బాక్సు వైర్ల కనెక్టరు ఊడదీస్తే, పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించింది. ఉప్పుగాలి చేసిన పని అది. శుభ్రం చేసి బిగించాక గేర్లన్నీ వచ్చాయి. అందువల్ల బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ వైరు, ఎలుకలు కొరికిన జాడలు ముందు చూసి, స్కానరు పెట్టించి కోడ్లు రాసుకోవాలి. పి 0700 అంటే గేర్ బాక్సు వైపు ఏదో తప్పుందని మాత్రమే. దానితోపాటు వచ్చే పి 0730 (గేరు నిష్పత్తి తప్పింది), పి 0741 (కన్వర్టరు లోపలి క్లచ్ పట్టడం లేదు) వంటి కోడ్లే దారి చూపుతాయి.

వాగు దాటిన కొద్ది రోజులకు తేడా మొదలైతే, బాక్సు లోపలికీ బయటికీ గాలి ఆడనిచ్చే బ్రీదరు గొట్టాన్ని పరీక్షించండి. వేడెక్కిన బాక్సు చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టం కింద ఉన్నా పగిలి ఉన్నా నీటిని పీల్చుకుంటుంది.

బండి పూర్తిగా ఆగిపోతే ట్రాక్టరుకు కట్టి ఇసుకలోంచి నాలుగు గజాలు బయటికి లాగించడం వేరు, మైపాడు నుంచి నెల్లూరు దాకా 20 కిలోమీటర్లకు పైగా చక్రాల మీద లాక్కుపోవడం వేరు. ఇంజను ఆగి ఉంటే పంపు తిరగదు, లోపలి భాగాలకు ఆయిల్ అందదు. నాలుగు చక్రాలూ పైకెక్కే లారీనే పిలిపించండి.

షెడ్డులో బాక్సు అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పేటప్పుడు దగ్గరుండి, అందులోని అయస్కాంతాన్ని చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద అరుగుదల వల్ల సహజంగా చేరేదే. వేలికి గుచ్చుకునే లోహపు రవ్వలు ఉంటే బాక్సు విప్పక తప్పదు. కొందరు మెకానిక్‌లు డి లో పెట్టి, బ్రేకు తొక్కి, పూర్తి రేసు ఇచ్చి పరీక్షిస్తారు. అది 5 సెకన్లు మించకూడదు, మాడిన వాసన వచ్చే బండికి అసలు వద్దు. ప్లగ్గు తీసి ఆయిల్ దింపితే కన్వర్టరులో ఉన్నది దిగదు కనుక, కొంత దూరం నడిపి రెండోసారి మార్చడం మేలు. బాక్సు రిపేరు చేయిస్తే కూలరునూ దాని పైపులనూ కడిగించమని బిల్లులో రాయించండి. పాత రవ్వలు వాటిలో మిగిలితే కొత్త క్లచ్ ప్లేట్లు కూడా త్వరగానే పోతాయి.