దసరా మెయిళ్ల కంటే ముందే: గ్రహీతను స్ట్రింగుగా వదిలేయకండి

బతుకమ్మ మొదలైందంటే మాదాపూర్ ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. సరిగ్గా అప్పుడే మార్కెటింగ్ వాళ్లు దసరా ఆఫర్ల మెయిళ్లు లక్షల్లో వదలమంటారు. కోడ్ రాసినవాడేమో వరంగల్ బస్సులో నిలబడి ఉంటాడు. అందుకే మెయిల్ ఎవరికి పోవాలో చెప్పే కోడ్‌ను ఊళ్లకు బయల్దేరకముందే సరిచూసుకోవాలి.

మెయిల్ పంపే ఫంక్షన్ తెరవండి. టు, సీసీ (అందరికీ కనిపించే నకలు), బీసీసీ (మిగతావాళ్లకు కనిపించని నకలు) అంటూ వరసగా మూడు స్ట్రింగులు, అంటే ఉత్త అక్షరాల వరసలు, తీసుకుంటోందా? అక్కడే ఆగండి. మూడూ ఒకే టైప్ (డేటా రకం) కాబట్టి ఒకదాని చోట ఇంకోటి పెట్టినా కంపైలర్ (కోడ్‌ను సరిచూసి, నడిచే ప్రోగ్రాముగా మార్చేది) నోరు మెదపదు. పాత ఉద్యోగంలో నేను బీసీసీలో పోవాల్సిన జాబితాను సీసీలో పంపాను. కస్టమర్లందరికీ అందరి అడ్రసులూ కనిపించాయి. ఆ దీపావళి ఆఫీసులోనే, క్షమాపణ మెయిల్ రాస్తూ గడిచింది. (అదీ బీసీసీలోనే పంపాలి కదా, బటన్ నొక్కే ముందు నలుగురం చూశాం.)

శుభలేఖ సంగతే తీసుకోండి. పోస్ట్‌మ్యాన్ చూసేది కవరు మీది చిరునామానే. లోపల ఎవరి పేర్లు అచ్చేశారో అతనికి అనవసరం. మెయిల్‌లోనూ అంతే. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి ఎస్‌ఎంటీపీలో ‘ఆర్‌సీపీటీ టు’ (ఫలానావాళ్లకు అందించు) అని సర్వర్‌కు చెప్పేది కవరు. చదివేవాళ్లకు కనిపించే టు, సీసీ లైన్లు లోపలి కార్డు. బీసీసీ వాళ్లు కవరు మీద ఉండాలి, కార్డులో ఉండకూడదు. రెంటినీ ఒకే జాబితాగా పెట్టుకుంటే ఏదో ఒక రోజు కవరు మీది పేర్లు కార్డులో అచ్చవుతాయి. అందుకని గ్రహీత అనే టైప్‌లో అడ్రస్, పేరుతోపాటు పాత్ర కూడా ఉండాలి. కార్డు రాసే ఫంక్షన్‌కు బీసీసీ పాత్రను అందించడమే కుదరకుండా టైప్ కట్టండి.

అడ్రస్‌కు విడిగా ఇంకో టైప్. దాన్ని తయారుచేసే చోటు ఒక్కటే, తనిఖీ అక్కడే. అరపేజీ రెగెక్స్ (అక్షరాల నమూనాను సరిచూసే సూత్రం) రాయకండి. ప్లస్ గుర్తున్న సరైన అడ్రసులను తోసేసే రెగెక్సులే నేను ఎక్కువ చూశాను. ఎట్ గుర్తుకు ముందు భాగం 64 బైట్లు, మొత్తం 254 బైట్లు దాటకూడదు. బైట్లే, అక్షరాలు కాదు. 2012లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6531తో తెలుగు లిపిలోనూ అడ్రస్ ఉండొచ్చు. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరమే, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో 12 బైట్లు తింటుంది. డొమైన్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చుకోవచ్చు, ముందు భాగాన్ని మాత్రం వాళ్లిచ్చినట్టే దాచండి.

జాబితాను కామాల దగ్గర తెంపే అలవాటు ఇకనైనా మానండి. ఇంటిపేరు ముందు రాసుకునే మన దగ్గర ‘రావు, లక్ష్మి’ అని పేరు రావడం వింతేం కాదు. ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం అలాంటి పేరు కొటేషన్ గుర్తుల మధ్య ఉంటుంది. కామా దగ్గర తెంపే స్ప్లిట్ ఫంక్షన్‌కు ఆ సంగతి తెలియదు, లక్ష్మిగారిని రెండు ముక్కలు చేస్తుంది. పేరులో కొత్త లైన్ అక్షరం ఉంటే నిర్దాక్షిణ్యంగా తిప్పి కొట్టండి. దాని వెనకాలే ఎవరైనా తమకు నచ్చిన హెడర్‌ను (మెయిల్ పైన ఉండే టు, సీసీ లాంటి లైన్‌ను) దూర్చగలరు.

ఓటీపీ పంపడానికి అడ్రస్ చాలు. ఆఫర్ పంపాలంటే ‘ఒప్పుకున్న గ్రహీత’ అనే వేరే టైప్ అడగండి, అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు అందులోకి రాలేరు. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో తప్పుకునే వీలివ్వాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు కూడా.

ఖాళీ జాబితాకు ‘అందరికీ’ అని అర్థం చెప్పే కోడ్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. నవ్వకండి, ఉంటుంది. కనీసం ఒకరున్న జాబితా అనే టైప్ పెడితే ఆ గొడవే ఉండదు. అమెజాన్ వాళ్ల మెయిళ్లు పంపే సర్వీసు ఎస్‌ఈఎస్‌లో ఒక మెయిల్‌కు 50 మందే హద్దు. మీరు ఒక్కొక్కరికీ విడిగా పంపండి, హద్దుతో పనే లేదు.

స్టేజింగ్‌లో (అసలు పంపకానికి ముందు పరీక్షించుకునే చోట) నోటికొచ్చిన అడ్రసులు వాడకండి, వాటికి యజమానులు ఉండొచ్చు. ఎగ్జాంపుల్ డాట్ కామ్‌ను ఇలాంటి పనులకే 1999 నుంచి పక్కన పెట్టి ఉంచారు.

పంపే రోజు ముందుగా మీ టీమ్ పది మందికే వదలండి. వచ్చిన మెయిల్‌లో ‘ఒరిజినల్ చూపించు’ నొక్కి టు, సీసీ, బీసీసీ లైన్లు కళ్లారా చదవండి. వాటిలో మీది కాని అడ్రస్ ఒక్కటి కనిపించినా సరే, బస్సు టికెట్ రద్దు చేసుకోండి.