బఫింగ్ చేశాక చెక్క మీద గీతలు, మసక: తప్పు మెషిన్‌దా, పూతదా?

పూత వేసిన చెక్కను మెషిన్‌తో బఫ్ చేశాక (అంటే మెత్తటి ప్యాడ్‌తో రుద్ది మెరుగుపెట్టాక) మెరుపు రాకపోతే చాలామంది వెంటనే ఇంకా పవర్ ఉన్న మెషిన్ వెతుకుతారు. దయచేసి ఆగండి. ముందు పూతను గోటితో నొక్కి చూడండి. ఆ ఒక్క పని చేయకపోవడం వల్లే చాలా బల్లలు పాడవుతున్నాయి.

లైటు కింద గుండ్రటి గీతలు

కారణం: యాంగిల్ గ్రైండర్‌కి బఫింగ్ ప్యాడ్ బిగించడం. అది నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. పూతకు 1,000 - 1,500 చాలు.

పరిష్కారం: స్పీడ్ డయల్ ఉన్న డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. దాని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి గీతలు ఒకే వంపులో పడవు. కుర్చీలు, చిన్న పలకలకు 8 మి.మీ. ఊపు, వెడల్పాటి బల్లలకు 15 మి.మీ. సరిపోతాయి. రాండమ్ ఆర్బిటల్ సాండర్ (ఉప్పు కాగితం బిగించి చెక్కను నునుపు చేసే మెషిన్) మీ దగ్గర ఉంటే ఫోమ్ ప్యాడ్ పెట్టి వ్యాక్స్ వరకు వాడుకోవచ్చు. దాని ఊపు 2 - 5 మి.మీ. మాత్రమే, కాబట్టి లోతు గీతలు తీయాలంటే చాలా సేపు పడుతుంది.

అంచుల్లో పూత పోయి చెక్క తేలింది

అంచు దగ్గర పూత ఎప్పుడూ పలచగానే ఉంటుంది. చివరి 2 సెం.మీ. మాస్కింగ్ టేపుతో కప్పి, తర్వాత చేత్తో రుద్దండి. ఇప్పటికే చెక్క తేలితే మళ్లీ పూత వేయడం తప్ప దారి లేదు.

నిన్న అద్దంలా ఉంది, నాలుగు రోజులకు మసకబారింది

అందరూ మోసపోయేది ఇక్కడే. మెషిన్ మార్చినా, కాంపౌండ్ (ప్యాడ్‌కి రాసి రుద్దే పాలిషింగ్ పేస్టు) మార్చినా మళ్లీ అదే జరుగుతుంది, ఎందుకంటే పూత పైన ఆరింది, లోపల ఆరలేదు. మిగిలిన సాల్వెంట్ (పూతను పలచగా ఉంచే, ఆవిరైపోయే ద్రవం) వల్ల పూత మెత్తగా ఉంటుంది. బఫింగ్ వేడికి అది కదిలి, గీతలు పూడినట్టు కనిపిస్తాయి. తర్వాత సాల్వెంట్ పోతున్నకొద్దీ పూత కుంచించుకుని చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది, గీతలు తిరిగి తేలతాయి.

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. కాంపౌండ్‌లోని నూనె కూడా గీతలను దాచగలదు. బఫ్ చేసిన వెంటనే, కనబడని మూలలో వైట్ స్పిరిట్‌తో తుడవండి. గీతలు అప్పుడే బయటపడితే తప్పు ఆరడంలో లేదు, అంతకుముందు వాడిన ఉప్పు కాగితం గీతలు పూర్తిగా పోలేదు. తుడిచాక కూడా మెరుపు నిలిచి, రోజుల తర్వాత తగ్గితే పూత ఆరలేదన్నమాట.

తేల్చుకోవడానికి పరీక్షలు రెండు. బల్ల అడుగున పూత ఉన్నచోట బొటనవేలి గోటిని గట్టిగా నొక్కండి. గుర్తు నిలిచిపోతే ఇంకా పచ్చిగానే ఉంది. తర్వాత 2000 గ్రిట్ (చాలా సన్నని గరుకు) ఉప్పు కాగితాన్ని సబ్బు నీళ్లలో తడిపి పదిసార్లు రుద్దండి. పాలలాంటి నీరు వస్తే సరే, కాగితానికి బంకలాంటి ఉండలు అంటుకుంటే మెషిన్ ముట్టుకోకండి.

నైట్రోసెల్యులోజ్ లక్కర్‌కి 2 - 4 వారాలు, రెండు భాగాలు కలిపే పీయూకి (పాలీయురేథేన్) సుమారు వారం, ఆయిల్ వార్నిష్‌కి నెల దాకా పడుతుంది. మందంగా వేసినా, చలీ తేమా ఉన్నా ఇంకా ఎక్కువ. లెక్క కన్నా గోటి పరీక్షనే నమ్మండి. పూర్తిగా ఆరాక 1500, 2000 గ్రిట్‌లతో మొదలుపెట్టి, కాంపౌండ్, ఆపై ఫైన్ పాలిష్ చేయండి. మసకబారిన చోట మళ్లీ కాంపౌండ్ రుద్దితే పూత పలచబడటమే మిగులుతుంది.

షెల్లాక్ (లక్కతో చేసే పూత) సంగతి వేరు. వేడికి మెత్తబడుతుంది, నీళ్లకు తెల్లబడుతుంది. ఫ్రెంచ్ పాలిష్ (గుడ్డతో పొరలుగా రుద్దిన షెల్లాక్) మీద మెషిన్ వద్దు, తడి కాగితం పరీక్ష కూడా వద్దు.

ప్యాడ్ తిరగకుండా ఊగుతోంది

ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్‌ను వంచి పట్టుకున్నారు. బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అంటుకునే పళ్లెం) అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత తిరగడం ఆగితే చెయ్యి తేలిక చేయండి. మెషిన్ బరువుకు తోడు కొద్దిపాటి ఒత్తిడి చాలు.

రంధ్రాల్లో తెల్లటి పొడి

ఆరిన కాంపౌండ్. వైట్ స్పిరిట్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో తీయండి. ముదురు చెక్కకు ఈసారి ముదురు రంగు వ్యాక్స్ వాడండి.

మోటారులో అరిగిన కార్బన్ బ్రష్‌లు, పాడైన బేరింగ్ లాంటివి అరుదు. మెషిన్ నిప్పురవ్వలు చిమ్మినా, గరగరలాడినా అప్పుడు విప్పి చూడండి.