పెయింటు యూనిట్లకు ఎకోమార్క్ దరఖాస్తు: ఫైలు ఆగేది ఎంఎస్‌డిఎస్ దగ్గరే

‘ఎకోమార్క్ పది రోజుల్లో తెప్పిస్తాం, మీరు సంతకం పెడితే చాలు’ అంటూ చిన్న పెయింటు యూనిట్ల చుట్టూ తిరిగే మధ్యవర్తులు ఉన్నారు. వాళ్ళు చేతిలో పెట్టేది చాలాసార్లు ఏదో ప్రైవేటు సంస్థ పేరుతో అచ్చువేసిన ‘గ్రీన్ సర్టిఫికెట్’. టెండరులో దాన్ని పక్కన పడేస్తారు. డబ్బు పోయాక అడిగే దిక్కుండదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు యూనిట్లు పెట్టుకున్నవాళ్ళు ఈ దరఖాస్తును సొంతంగా వేసుకోవచ్చు. కష్టమైన మెట్టు ఒక్కటే ఉంది, అది ఎంఎస్‌డిఎస్, అంటే ముడిసరుకు భద్రతా వివరాల పత్రం. అది తెలిస్తే మిగతాది ఓపిక పని.

ఎకోమార్క్ అంటే పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తు. 1991లో కుండ గుర్తుతో మొదలైంది. ఆ పాత పథకం స్థానంలో 2024 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. దరఖాస్తు చేరాల్సింది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి. మీ సరుకు వాళ్ళ వర్గాల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. పెయింట్లు, పౌడర్ కోటింగులు, కలపకు బదులు వాడే బోర్డులు అందులో ఉన్నాయి. ‘బండలకు కూడా తెప్పిస్తాం’ అని ఎవరైనా వస్తే, ఏ వర్గం కింద తెప్పిస్తారో కాగితం మీద రాసివ్వమనండి.

మామూలు కాగితాల గురించి రెండు ముక్కలు చాలు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి, అది పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగినవాడికి ఇవ్వొద్దు. రాష్ట్ర కాలుష్య మండలి ఇచ్చిన ఆపరేషన్ కన్సెంటు గడువు దాటకుండా ఉండాలి. సరుకు సంబంధిత ఐఎస్ (భారతీయ) ప్రమాణానికి సరిపోతుందని బిఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్సు ఉండాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ అయితే ఐఎస్ 15489. ఈ మూడింటిలోనూ యూనిట్ పేరు, సర్వే నంబరు, చిరునామా అక్షరం తేడా లేకుండా ఒకేలా రాసి ఉండాలి.

ఇక అసలు చోటికి వద్దాం.

ఎంఎస్‌డిఎస్‌లో ఏం చూడాలి

పెయింటులో ఏమేం కలుస్తున్నాయో, అవి మనిషికీ నేలకూ నీటికీ ఎంత హాని చేస్తాయో ఆధారాలతో చూపించాలి. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావలెంట్ క్రోమియం సంబంధిత రంగులు ఉండకూడదు. ఆధారంగా పెట్టేది ప్రతి ముడిసరుకు ఎంఎస్‌డిఎస్. ఇప్పుడు దాన్నే ఎస్‌డిఎస్ అంటున్నారు. అందులో 16 భాగాలుంటాయి. మీరు కూర్చుని చదవాల్సినవి రెండోదీ మూడోదీ.

రెండో భాగంలో ప్రమాదాల కేటగిరీలు ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కేటగిరీ 1 అంటే మేలైన సరుకు అనుకుంటారు. కాదు, అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది. క్యాన్సర్ దగ్గర 1ఎ, 1బి అని కనిపిస్తే ఆ సరుకును ఫార్ములా నుంచి తీసేయడం గురించి ఆ రోజే ఆలోచించండి. పక్కన ‘డేంజర్’ అని ఉంటే అది ‘వార్నింగ్’ కంటే పెద్ద హెచ్చరిక.

మూడో భాగంలో పదార్థాల పేర్లు, శాతాలు, క్యాస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్యలు) ఉంటాయి. చిన్న యూనిట్లు పిగ్మెంట్లను (రంగు పొడులను) డీలరు దగ్గర లూజుగా, కిలోల లెక్కన కొంటాయి. డీలరు ఇచ్చే కాగితం నెట్‌లో దించిన వేరే కంపెనీదై ఉంటుంది, లేదంటే మూడో భాగంలో ‘ట్రేడ్ సీక్రెట్’ అని ఒక్క మాట ఉంటుంది. రెండూ పనికిరావు. అసలు తయారీదారు పేరు, సవరించిన తేదీ, మీరు కొన్న గ్రేడు పేరు ఉన్న కాగితమే అడగండి. ఇవ్వలేనంటే డీలరును మార్చుకోవడమే మేలు.

క్యాస్ నంబరు నిజమైనదేనా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఉదాహరణకు బేరియం సల్ఫేటు, అంటే మన మంగంపేట ముగ్గురాయి పొడి. నంబరు 7727-43-7. చివరి 7ను పక్కన పెట్టి, మిగతా అంకెలను కుడి నుంచి ఎడమకు 1, 2, 3 అని వరసగా హెచ్చవేయండి: 3×1, 4×2, 7×3, 2×4, 7×5, 7×6. కూడితే 117. దాని చివరి అంకె 7, పక్కన పెట్టిన అంకె కూడా 7, కాబట్టి నంబరు రూపం సరైనదే. ఈ లెక్క కుదరకపోతే నంబరు తప్పు పడినట్టు, లేదా ఎవరో కల్పించినట్టు. లెక్క కుదిరినా అది ఆ పదార్థానిదేనా అని చూసుకోవాలి. పసుపు రంగు పొడి కాగితంలో 1344-37-2 కానీ 7758-97-6 కానీ కనిపిస్తే అది లెడ్ క్రోమేటు. సీసం, హెక్సావలెంట్ క్రోమియం రెండూ అందులోనే ఉన్నాయి.

కాగితం శుభ్రంగా ఉన్నా సీసం ఉండొచ్చు

ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పిపిఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఎంఎస్‌డిఎస్‌లోనేమో క్యాన్సర్ కలిగించే పదార్థాలను కూడా సాధారణంగా 0.1 శాతం నుంచే రాస్తారు. 0.1 శాతం అంటే 1000 పిపిఎం. మధ్యలో ఎంత సీసం ఉన్నా కాగితంలో కనపడదు. అందుకే ‘మా ఎంఎస్‌డిఎస్‌లో సీసం లేదు’ అని రాసిస్తే చాలదు, ల్యాబ్ రిపోర్టు పెట్టాలి.

ఆ రిపోర్టులోనూ ఒక మెలిక ఉంది. 90 పిపిఎం లెక్క ఆరిన పెయింటు బరువు మీద. డబ్బాలోని తడి పెయింటు మీద 60 పిపిఎం అని రిపోర్టు వస్తే బయటపడ్డాం అనుకుంటారు. ఆ పెయింటులో గట్టిపదార్థం సగమే అయితే ఆరాక అది 120 అవుతుంది, ఫెయిల్. రిపోర్టులో ‘ఆరిన ఫిల్మ్ ఆధారంగా’ అన్న మాట ఉందో లేదో చూడండి. ల్యాబుకు ఎన్ఏబిఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే సరిపోదు, ఆ గుర్తింపు పరిధిలో పెయింటులో సీసం పరీక్ష కూడా ఉండాలి. రిపోర్టు మీద యుఎల్ఆర్ నంబరు, అంటే ఆ ఒక్క రిపోర్టుకే ఉండే ప్రత్యేక సంఖ్య, ఉండాలి.

శాంపిల్‌గా తెలుపు పంపి, అదే రిపోర్టును అన్ని షేడ్లకూ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినొద్దు. ముదురు పసుపు, ఆకుపచ్చ, నారింజ షేడ్లనే ముందు పరీక్ష చేయించండి, సీసం ఉంటే అక్కడే బయటపడుతుంది. ఆకుపచ్చ చాలాసార్లు పసుపు, నీలం కలిపి చేసిందే. మన ఇళ్ళలో గడపకు పసుపు రంగు ఎనామిల్ వేస్తారు. పాకే పిల్లలు చేతులు పెట్టేది దాని మీదే, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. ఈ పరీక్ష ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

రాతిపొడి మిల్లుల కాగితాలు

సీమ యూనిట్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. బేతంచెర్ల, డోన్, తాడిపత్రి వైపు మిల్లుల నుంచి తెచ్చే పొడికి ఎంఎస్‌డిఎస్ ఉండదు, మిల్లువాళ్ళు ఇచ్చేది రసాయన విశ్లేషణ రిపోర్టు. బలపపు రాయి పొడికి అందులో సిలికా 60 శాతం పైనే చూపిస్తుంది. చూసి భయపడొద్దు. బలపం ఖనిజంలోనే సిలికా ఆ మేరకు కలిసి ఉంటుంది. ఊపిరితిత్తులను పాడుచేసేది విడిగా ఉండే క్వార్ట్జ్ ధూళి. రసాయన విశ్లేషణ ఆ రెంటినీ వేరు చేయలేదు, ఎక్స్‌ఆర్‌డి పరీక్ష (ఎక్స్ కిరణాలతో ఖనిజాలను గుర్తించేది) చేయిస్తేనే తేలుతుంది.

ఇంకొకటి. వేంపల్లె డోలమైటు పొరల్లో బలపపు రాయీ దొరుకుతుంది, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు ఆస్బెస్టాసూ దొరుకుతుంది. కాబట్టి బలపం పొడి వాడేవాళ్ళు ఆస్బెస్టాస్ పోగులు లేవని మైక్రోస్కోపు పరీక్ష కూడా చేయించి ఫైల్లో పెట్టడం మంచిది. తక్కువ మోతాదు పోగులు ఎక్స్‌ఆర్‌డికి చిక్కకపోవచ్చు. బస్తాలు దించే కూలీల ఆరోగ్యం కూడా ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంది.

దరఖాస్తు పెట్టాక

కేంద్ర మండలి గుర్తించిన వెరిఫైయర్ తనిఖీకి వస్తే ముడిసరుకుల పట్టిక పట్టుకుని గోడౌన్‌లోని బస్తాలు చూస్తారు. పట్టికలో ఒక కంపెనీ పేరుండి, బస్తా మీద ఇంకోటి ఉంటే అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నా ప్రశ్న వస్తుంది. దరఖాస్తు పెట్టిన దగ్గర నుంచి డీలరును మార్చకండి. మార్చక తప్పకపోతే కొత్త ఎంఎస్‌డిఎస్ జతచేసి ముందే రాతపూర్వకంగా తెలపండి. ల్యాబుకు పంపిన బ్యాచ్ నుంచే ఒక డబ్బా సీలు వేసి, బ్యాచ్ నంబరుతో యూనిట్‌లో దాచుకోండి. రిపోర్టు మీద అనుమానం వస్తే మళ్ళీ పరీక్షకు పంపాల్సింది ఆ డబ్బానే.

దరఖాస్తులో మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ మీవే ఇవ్వండి. మధ్యవర్తివి ఇస్తే ప్రశ్నలు ఆయనకే వెళ్తాయి, జవాబివ్వాల్సిన గడువు దాటిపోయిన సంగతి కూడా మీకు తెలియదు. అనుమతి వచ్చాక మూడేళ్ళు చెల్లుతుంది, మధ్యలో ప్రమాణాలు మారితే అంతవరకే. తప్పుడు వివరాలని తేలితే రద్దు చేసే అధికారం మండలికి ఉంది. ఆ కాగితాలు ఎవరు తయారు చేసినా సంతకం మీదే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ మీరే.