ఇంగ్లండ్‌లో పిల్లల ఇన్‌సెట్ డేలు, బ్యాంక్ హాలిడేలు ముందే సర్దుకోవడం ఎలా?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని బడిలో వేసిన తెలుగువాళ్లకు బ్యాంక్ హాలిడే తేలిగ్గానే అర్థమవుతుంది. మన ప్రభుత్వ సెలవు లాంటిదే. బోల్తా కొట్టించేది ఇన్‌సెట్ డే. ఆ రోజు టీచర్లు స్కూల్లోనే ఉంటారు, వాళ్లకు ట్రైనింగ్ నడుస్తుంది. పిల్లలకు మాత్రం గేటు మూసేస్తారు. మీ ఆఫీసుకు సెలవుండదు. పక్క వీధిలోని స్కూలుకూ ఉండకపోవచ్చు. వారం ముందు స్కూల్ యాప్‌లో "సోమవారం ఇన్‌సెట్ డే, మర్చిపోకండి" అని మెసేజ్ వస్తుంది. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు: లీవు నువ్వు పెడతావా, నేను పెట్టాలా?

సెప్టెంబర్‌లో భార్యాభర్తలిద్దరూ ఒక్క సాయంత్రం కూర్చుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

ముందు లెక్క

ప్రభుత్వ స్కూళ్లలో మామూలుగా పిల్లలకు ఏడాదికి 190 రోజులు, టీచర్లకు 195 రోజులు పని. ఆ తేడా 5 రోజులే ఇన్‌సెట్ డేలు. 1980ల చివర్లో కెన్నెత్ బేకర్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు ఇవి వచ్చాయి కాబట్టి పాతతరం టీచర్లు వీటిని బేకర్ డేలు అనేవారు. అకాడమీ స్కూళ్లు (ప్రభుత్వ నిధులతోనే నడిచినా స్థానిక కౌన్సిల్ చేతిలో ఉండనివి) తమ క్యాలెండర్ తామే వేసుకుంటాయి, అక్కడ ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు. ప్రైవేటు స్కూళ్ల సంగతి వేరు.

ఇప్పుడు మీ వైపు చూడండి. ఏడాదిలో శని, ఆదివారాలు పోగా సుమారు 261 రోజులు. అందులో బడి ఉండేది 190. మిగిలిన 71లో 8 బ్యాంక్ హాలిడేలు తీసేస్తే 63 రోజులు పిల్లలు ఇంట్లోనే. వారానికి 5 రోజులు పనిచేసేవాళ్లకు చట్టం ప్రకారం జీతంతో కూడిన సెలవు కనీసం 28 రోజులు. బ్యాంక్ హాలిడేలను కూడా కంపెనీ అందులోనే కలిపేస్తే చేతిలో మిగిలేది 20. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో లీవు పెట్టుకున్నా 40 దాటదు. అంటే 23 రోజులకు వేరే దారి వెతకాలి. అదీ ఇండియా ప్రయాణం ఊసెత్తకుండా!

తేదీలు ఎక్కడ దొరుకుతాయి

కౌన్సిల్ వెబ్‌సైట్ చూసి ఆగిపోకండి. అక్కడ టర్మ్ తేదీలు ఉంటాయి గానీ, ఇన్‌సెట్ డేలను సాధారణంగా ఏ స్కూలుకు ఆ స్కూలే నిర్ణయించుకుంటుంది. స్కూలు సొంత వెబ్‌సైట్‌లో టర్మ్ డేట్స్ పేజీ తెరవండి. ఎక్కువగా ఇవి సెప్టెంబర్ మొదటి రోజో, క్రిస్మస్ సెలవుల తర్వాతి సోమవారమో, హాఫ్ టర్మ్‌కు (టర్మ్ మధ్యలో వచ్చే సెలవులు) అటో ఇటో, జులై చివర్లోనో పడతాయి. "టర్మ్ ప్రారంభం" అని రాసిన తేదీనే బడి తెరిచే రోజు అనుకోవద్దు. దాని కిందే చిన్న అక్షరాల్లో "విద్యార్థులకు సెలవు" అని ఉండొచ్చు.

పెద్దది సెకండరీలో, చిన్నవాడు ప్రైమరీలో ఉంటే రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. రెండు స్కూళ్ల ఇన్‌సెట్ డేలు కలవకపోతే మీకు 5 కాదు, 10 రోజులు. కొన్ని స్కూళ్లు ఈ ట్రైనింగ్‌ను సాయంత్రాలకు సర్ది, దానికి బదులు వేసవి సెలవులు ముందే ఇచ్చేస్తాయి. అదీ గమనించాలి.

అన్నీ ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించి, ఇద్దరికీ కనిపించేలా షేర్ చేయండి. ప్రతి తేదీ పక్కన ఒక పేరు కచ్చితంగా ఉండాలి. పేరు లేని తేదీ చివరికి అమ్మ నెత్తినే పడుతుందని వేరే చెప్పాలా?

బ్యాంక్ హాలిడేల మెలిక

ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదికి 8. స్కాట్లండ్‌లో 9, నార్తర్న్ ఐర్లండ్‌లో 10. ఇంగ్లండ్‌లో వీటిలో చాలావరకు బడి సెలవుల్లోనే కలిసిపోతాయి. బడి నడిచే రోజుల్లో కచ్చితంగా వచ్చేది మే మొదటి సోమవారమే. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మండేలు మీ కౌన్సిల్ ఇచ్చే రెండు వారాల సెలవుల్లో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

బ్యాంక్ హాలిడే నాడు వేతనంతో సెలవు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, అంతా మీ కాంట్రాక్టును బట్టే. నర్సులు, కేర్ హోమ్‌లో పనిచేసేవాళ్లు, ఐటీ సపోర్ట్‌లో షిఫ్టులున్నవాళ్లు ఈ రోజుల్ని ఇన్‌సెట్ డేలలాగే ముందుగా చూసుకోవాలి. పైగా ఆ రోజు చాలా క్లబ్బులు కూడా మూసే ఉంటాయి.

పిల్లల్ని ఎవరు చూసుకుంటారు

అందరికంటే ముందు అదే స్కూల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల్ని కదపండి. ఇన్‌సెట్ డే వాళ్లకూ అదే రోజు కదా! "అక్టోబర్‌ది మేం చూస్తాం, జనవరిది మీరు చూడండి" అని రెండు మూడు కుటుంబాలు ఒప్పందానికి వస్తే, ఒకరి లీవుతో ముగ్గురి పని జరుగుతుంది. డబ్బు ప్రసక్తి లేకుండా స్నేహితుల మధ్య జరిగే ఈ సర్దుబాటుతో ఇబ్బంది లేదు. డబ్బు తీసుకుని, 8 ఏళ్లలోపు పిల్లల్ని తమ ఇంట్లో రోజుకు 2 గంటలకు మించి చూసుకునేవాళ్లు మాత్రం రిజిస్టర్ చేసుకోవాలి.

రెండో దారి హాలిడే క్లబ్. బుక్ చేసే ముందు "ఇన్‌సెట్ డే నాడు కూడా ఉందా?" అని విడిగా అడగండి. హాఫ్ టర్మ్ అంతా నడిచే క్లబ్ కూడా ఒక్క స్కూలు ఇన్‌సెట్ డే కోసం తెరవకపోవచ్చు. స్కూల్లోనే నడిచే బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, ఆఫ్టర్ స్కూల్ క్లబ్ ఆ రోజు సాధారణంగా ఉండవు. వేళలు కూడా అడగాలి: మధ్యాహ్నం మూడున్నరకే ముగిసే స్పోర్ట్స్ క్యాంపు మీ ఆఫీసుకు సరిపోకపోవచ్చు. లంచ్ డబ్బా విషయంలో ఒక జాగ్రత్త. ఎలర్జీల వల్ల చాలాచోట్ల పల్లీలు, జీడిపప్పు రానివ్వరు. పులిహోర పెట్టాలనుకుంటే శనగపప్పు, మినప్పప్పుతోనే తాలింపు వేయండి. పల్లీ చట్నీ ఇంటికే పరిమితం.

క్లబ్ ఖర్చుకు టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా పనికొస్తుంది: మీరు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 కలుపుతుంది, ఒక్కో బిడ్డకు ఏడాదికి 2,000 పౌండ్ల వరకు. క్లబ్ ఆ పథకంలో చేరి ఉండాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీదున్నవాళ్లు ఇక్కడ తొందరపడొద్దు. వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) వాడకూడదన్న షరతు ఇద్దరికీ ఉంటే ఇది వర్తించదు. ఒకరికైనా బ్రిటిష్ పౌరసత్వమో, ఐఎల్ఆరో (శాశ్వత నివాస అనుమతి) ఉంటే మిగతా అర్హతలు చూసుకుని అప్లై చేయొచ్చు.

ఆఫీసులో అడిగేటప్పుడు "అత్యవసర కుటుంబ సెలవు" అనకండి. అది అనుకోకుండా వచ్చే అవసరాలకు. ఏడాది ముందే తెలిసిన ఇన్‌సెట్ డేకు చెల్లదు. జీతం లేని పేరెంటల్ లీవు మామూలుగా వారాల లెక్కన తీసుకోవాలి కాబట్టి ఒక్క రోజు అవసరానికి అదీ కుదరదు. ఆ రోజు ఇంటినుంచి పనిచేస్తాననో, వేళలు మార్చుకుంటాననో మేనేజర్‌ను ముందుగా అడగడమే మేలు. సెకండరీలోని పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలొచ్చా? ఇన్నేళ్లు నిండాలని చట్టం చెప్పలేదు గానీ, ప్రమాదం ఉన్న స్థితిలో వదిలితే నేరమే. 12 ఏళ్లలోపు వాళ్లను ఎక్కువసేపు వదలొద్దని పిల్లల సంక్షేమ సంస్థ ఎన్ఎస్‌పీసీసీ సలహా.

ఇండియా టికెట్, పండగ సెలవు

ఇన్‌సెట్ డేకి ఒక లాభం ఉంది. హాఫ్ టర్మ్‌కు ముందు శుక్రవారం పడితే గురువారం రాత్రికే విమానం ఎక్కొచ్చు, అటెండెన్స్‌కు దెబ్బ తగలదు. మిగతా స్కూళ్లన్నీ శుక్రవారం సాయంత్రం వదిలాక అందరూ ఒకేసారి టికెట్ల మీద పడతారు. మీరు ఒక రోజు ముందుంటారు. ఎక్కడికీ వెళ్లకపోయినా, మిగతా ఊరంతా బడిలో ఉన్న ఆ రోజు జూకి వెళ్లి చూడండి, క్యూలే ఉండవు.

కానీ ఆ సెలవుకు మరో వారం సొంతంగా అతికించుకుంటే జరిమానా పడొచ్చు. 10 బడి వారాల్లో 5 రోజులకు సమానంగా అనుమతి లేని గైర్హాజరు ఉంటే, ఒక్కో బిడ్డకు తల్లికీ తండ్రికీ విడివిడిగా జరిమానా వేయొచ్చు. 2024 ఆగస్టు నుంచి అది 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తర్వాత 28 రోజుల్లోపైతే 160. అదే బిడ్డ విషయంలో మూడేళ్లలో రెండోసారైతే నేరుగా 160. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తొలిసారే 320 పౌండ్లు!

దీపావళికో ఉగాదికో సెలవు కావాలంటే దాచిపెట్టకుండా స్కూలుకు రాయండి. మీ మతం ప్రత్యేకంగా పాటించే రోజుకు అనుమతి ఇచ్చే నిబంధన ఉంది. సాధారణంగా ఒక్క రోజే ఇస్తారు. తిథి లెక్క స్థానిక సూర్యోదయ, సూర్యాస్తమయాలను బట్టి ఉంటుంది కాబట్టి ఇక్కడి పండగ ఇండియా తేదీకి ఒక రోజు తేడాతో రావచ్చు. మీ ఊరి గుడిలో అడిగి, ఒకే తేదీ తేల్చుకుని ఉత్తరం రాయండి.

జనవరిలో స్కూలు వెబ్‌సైట్ మళ్లీ తెరవండి. ఇన్‌సెట్ డేలను మధ్యలో మార్చే స్కూళ్లూ ఉన్నాయి. వచ్చే ఏడాది తేదీలు అప్పటికే పెట్టి ఉంటే, వేసవి టికెట్లు కొనకముందే అవీ క్యాలెండర్‌లోకి ఎక్కించండి.